ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్: ‘ఎత్తయిన భవనం’ కార్డు వస్తే రెండు నిమిషాలు ఏం మాట్లాడాలి?

హాస్టల్_మూడో_అంతస్తు · సోమవారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఈ శనివారం నాకు ఐఈఎల్‌టీఎస్ (విదేశాలకు వెళ్లడానికి రాసే ఇంగ్లీషు పరీక్ష) స్పీకింగ్ టెస్ట్. కావాల్సింది తొమ్మిదికి 6.5. ఇవాళ ఇన్‌స్టిట్యూట్‌లో మాక్ టెస్ట్ (నమూనా పరీక్ష) పెట్టారు, పరువు పోయింది.

మాట్లాడాల్సిన టాపిక్ రాసిచ్చే కార్డు ఇది: మీ నగరంలో మీకు నచ్చిన లేదా నచ్చని ఒక ఎత్తయిన భవనం గురించి చెప్పండి. ఎక్కడుంది, దేనికి వాడతారు, చూడ్డానికి ఎలా ఉంటుంది, ఎందుకు నచ్చింది లేదా నచ్చలేదు. ఆలోచించుకోవడానికి ఒక నిమిషం, పేపరు, పెన్సిల్ ఇచ్చారు. ఆ నిమిషంలో నేను పేపరు మీద రాసింది ఒక్కటే మాట, చార్మినార్. హైదరాబాద్‌లో ఉంది, 1591లో కట్టారు, నాలుగు మినార్లుంటాయి, టూరిస్టులు వస్తారు, ఐ లైక్ ఇట్ వెరీ మచ్. అయిపోయింది. సార్ ఏమీ అనకుండా ఫోన్ నా వైపు తిప్పి టైమర్ చూపించారు. 38 సెకన్లు.

నిజం చెప్పాలంటే నేను చార్మినార్ ఎక్కనే లేదు. మాది వినుకొండ దగ్గర పల్లె, అక్కడ ఎత్తయినదంటే వాటర్ ట్యాంకు ఒక్కటే. హైదరాబాద్ వచ్చి పది నెలలైంది, కేపీహెచ్‌బీలో హాస్టల్, అక్కడి నుంచి ఇన్‌స్టిట్యూట్, మళ్లీ హాస్టల్. ఏ బిల్డింగ్ గురించని మాట్లాడను? ఎవరి దగ్గరైనా రెడీమేడ్ ఆన్సర్ ఉంటే పెట్టండి ప్లీజ్.

బ్యాండ్_ఎనిమిది_పక్కా · సోమవారం, రాత్రి 11:05

ఇంత టెన్షన్ ఎందుకు బ్రో. బుర్జ్ ఖలీఫా బట్టీ కొట్టెయ్. 828 మీటర్లు, 163 అంతస్తులు, 2010 జనవరిలో ఓపెన్ చేశారు, లిఫ్ట్ సెకనుకు పది మీటర్లు పోతుంది, ఒక నిమిషంలో 124వ అంతస్తు. ఇవన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్తే ఎగ్జామినర్ నోరు తెరుచుకుని వింటాడు. నా దగ్గర 250 పదాల స్క్రిప్ట్ ఉంది, మెసేజ్ చెయ్, పంపిస్తా.

విశాఖ_టీచరమ్మ · మంగళవారం, ఉదయం 6:20

తమ్ముడూ, ఆ స్క్రిప్ట్ జోలికి మాత్రం వెళ్లకు. తొమ్మిదేళ్లుగా ఈ పాఠాలే చెప్తున్నా, బుర్జ్ ఖలీఫా విని విని నాకే కంఠతా వచ్చేసింది, ఇక రోజూ అదే పని చేసే ఎగ్జామినర్ సంగతి చెప్పాలా. బట్టీ కొట్టింది పట్టుకోవడం వాళ్ల ట్రైనింగ్‌లో భాగమే. మనిషి మామూలుగా మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక్కసారిగా రేడియోలో వార్తలు చదివినట్టు మొదలుపెడితే ఎవరికైనా తెలిసిపోతుంది కదా. పైగా కార్డులో ‘మీ నగరంలో’ అని ఉంది. కేపీహెచ్‌బీ నుంచి దుబాయ్ ఎంత దూరం?

అసలు మార్కులు వేసేది నాలుగింటికి: తడుముకోకుండా, ఒక వరసలో మాట్లాడుతున్నావా; పదాలు; గ్రామరు; ఉచ్చారణ. నాలుగూ సమానం. బిల్డింగ్ ఎన్ని మీటర్లన్నదానికి అందులో చోటే లేదు.

ఇంకో సంగతి, రెండు నిమిషాలు కాగానే ఆయన ఆపేసి చిన్న ప్రశ్న ఒకటి అడుగుతాడు, ఉదాహరణకు ‘మీ ఫ్రెండ్స్‌కీ అది నచ్చుతుందా?’ అని. బట్టీ పిల్లలు బోల్తా కొట్టేది సరిగ్గా అక్కడే. అప్పటిదాకా ‘ఆర్కిటెక్చరల్ మార్వెల్’ అన్న నోరు ‘ఎస్, లైక్ సర్’ అంటుంది.

హాస్టల్_మూడో_అంతస్తు · మంగళవారం, ఉదయం 7:55

థాంక్స్ మేడమ్. మరి అంకెలు తప్పు చెప్తే మార్కులు పోవా? చార్మినార్ ఎత్తు ఎంతో గుర్తు రాకే నేను ఆగిపోయా.

విశాఖ_టీచరమ్మ · మంగళవారం, ఉదయం 8:10

పోవు. అది జనరల్ నాలెడ్జ్ పరీక్ష కాదు. ‘ఎత్తు సరిగ్గా గుర్తులేదు కానీ, కింద నిలబడి పైకి చూస్తే మెడ నొప్పి పుడుతుంది’ అను. అంకె చెప్పినదానికన్నా ఎక్కువ ఇంగ్లీషు పలికినట్టు, చూశావా.

దుబాయ్_రిటర్న్ · మంగళవారం, మధ్యాహ్నం 1:32

బుర్జ్ ఖలీఫా పేరు వచ్చింది కాబట్టి నేనూ ఒక మాట. మాది జగిత్యాల దగ్గర. దుబాయ్‌లో ఆరేళ్లు రాడ్ బెండింగ్ పని చేసిన. బుర్జ్ ఖలీఫా మీద కాదు, 41 అంతస్తుల ఇంకో టవర్ మీద. కిందటి ఏడాది కెనడా కోసం జనరల్ ఐఈఎల్‌టీఎస్ రాస్తే నాకూ ఇదే కార్డు వచ్చింది. మీ నగరంలో అని ఉంటే ‘నేను ఆరేళ్లున్న నగరం’ అని మొదలుపెట్టిన, ఎగ్జామినర్ మేడమ్ ఏమీ అనలేదు.

నాకు పెద్ద ఇంగ్లీషు రాదు, సైటు మీద మలయాళీ ఫోర్‌మన్ దగ్గర నేర్చుకున్నదే. చూసింది చెప్పిన, అంతే. ఎండాకాలం మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా బయట పని చేయించొద్దని అక్కడ రూలు, జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు. కాబట్టి తెల్లవారుజామునే ఎక్కేటోళ్లం. తొమ్మిది దాటితే రాడ్డు చేతొడుగు లేకుండా పట్టుకోలేం. కాంక్రీటు రాత్రిపూట పోసేటోళ్లు, వేడికి బిగుసుకుపోకుండా అందులో ఐసు కలిపేది. ముప్ఫయ్యో అంతస్తు మీద గాలి ఎట్లుంటదంటే, టీ కప్పు పెడితే కప్పు పోతది, టీ మొహం మీద పడతది. ఇది చెప్తే మేడమ్ నవ్వింది.

తర్వాత అడిగింది, ఆ బిల్డింగ్‌లో నువ్వు ఉంటావా అని. అద్దె కట్టలేను మేడమ్, కానీ భయం మాత్రం లేదు, దాని పిల్లర్లల్ల ఎంత రాడ్డు పోసినమో నాకు తెలుసు అని చెప్పిన. స్పీకింగ్ 6.5 వచ్చింది. రైటింగే ముంచింది, అది వేరే కథ.

పచ్చిమిర్చి_గుంటూరు · మంగళవారం, మధ్యాహ్నం 1:50

అన్నా, టీ మొహం మీద పడటం 😂 ఇది చాలు, ఏ స్క్రిప్ట్ సరిపోదు దీని ముందు.

బ్యాండ్_ఎనిమిది_పక్కా · మంగళవారం, మధ్యాహ్నం 2:15

ఆయనకు అనుభవం ఉంది కాబట్టి చెప్పాడు. అందరూ దుబాయ్ వెళ్లి రాడ్డు వంచి రాలేరు కదా. లేనివాళ్లకు బట్టీయే దిక్కు.

స్వర్ణముఖి_ఒడ్డున · మంగళవారం, సాయంత్రం 5:40

మాది శ్రీకాళహస్తి. నేను గోపురం గురించి చెప్పా, అదీ కూలిపోయిన గోపురం. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం, 2010 మే 26 రాత్రి కూలింది. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. ముందే పగుళ్లు పెద్దవవుతున్నాయని చుట్టుపక్కల వాళ్లను ఖాళీ చేయించారు, అందుకే ప్రాణాలు దక్కాయి. మా మిద్దె మీదికెక్కితే కనిపించేది అదొక్కటే, మరుసటి రోజు పొద్దున ఎక్కి చూస్తే అక్కడ ఉత్త ఆకాశం. మా అవ్వ ఆ వైపు దండం పెట్టుకుని, ఎవరికి పెట్టానా అన్నట్టు చేతులు అలాగే పట్టుకుని నిలబడిపోయింది. అదే చెప్పా ఎగ్జామినర్‌కు. మళ్లీ కట్టి 2017లో కుంభాభిషేకం చేశారు, కొత్తదీ పెద్దదే, బాగుంది. కానీ నాకు గోపురం అంటే ఇప్పటికీ పాతదే.

గ్రామరు పరంగా కలిసొచ్చింది ఏంటంటే, లేని బిల్డింగ్ కాబట్టి ‘యూజ్డ్ టు’, ‘హ్యాడ్ బీన్’ లాంటివన్నీ వాటంతట అవే వచ్చేశాయి. ఉన్న బిల్డింగ్ అయితే ఈజ్, ఈజ్ అంటూ కూర్చునేదాన్ని.

రూల్స్_రామారావు · మంగళవారం, సాయంత్రం 6:02

క్షమించాలి, గోపురం భవనం ఎలా అవుతుంది? అందులో ఎవరూ నివసించరు, ఆఫీసు లేదు. చార్మినార్ కూడా కట్టడమే తప్ప భవనం కాదు. ఎగ్జామినర్ టాపిక్ తప్పిందంటే?

స్వర్ణముఖి_ఒడ్డున · మంగళవారం, సాయంత్రం 6:09

అన్లేదు సార్. 7 వచ్చింది.

విశాఖ_టీచరమ్మ · మంగళవారం, రాత్రి 8:30

రామారావు గారూ, మీ అనుమానం తీసిపారేయలేం కానీ, అలాంటప్పుడు మొదటి వాక్యంలోనే దారి వేసుకోవాలి. ‘ఇది మామూలు భవనం కాదు, గుడి ముఖద్వారం మీద కట్టిన ఏడంతస్తుల గోపురం’ అంటే సరిపోతుంది. గోడలు, మెట్లు, అంతస్తులు ఉన్నదేదైనా పర్వాలేదు. గుట్ట గురించో చెట్టు గురించో చెప్తే మాత్రం తప్పే.

ఇక మనవాళ్లు ఈ కార్డులో తప్పకుండా చేసే తప్పులు. ‘ఇట్ ఈజ్ హ్యావింగ్ టెన్ ఫ్లోర్స్’ అంటారు. ‘ఇట్ హ్యాజ్’ చాలు. తెలుగులో ‘ఉంది’ కాబట్టి ‘వన్ బిల్డింగ్ ఈజ్ దేర్ నియర్ మై హౌస్’ అని మొదలుపెడతారు, దాన్ని ‘దేర్ ఈజ్ ఎ బిల్డింగ్’ అని తిప్పాలి. ‘టెన్ స్టోరీస్ బిల్డింగ్’ కాదు, ‘టెన్ స్టోరీ బిల్డింగ్’, బిల్డింగ్ ముందు పెట్టినప్పుడు ‘స్’ పోతుంది. ‘మోర్ టాలర్’ సంగతి నేను చెప్పక్కర్లేదనుకుంటా. ‘హై బిల్డింగ్’ అనడం మరీ నేరం కాదు గానీ బిల్డింగుకు ‘టాల్’ అందం. గోడ, కొండ అయితే ‘హై’. అంతస్తు ముందు ‘ఆన్’, ‘ఆన్ ద టెన్త్ ఫ్లోర్’. ‘ఇన్’ అంటే అర్థమవుతుంది కానీ చెవిలో గుచ్చుకుంటుంది.

ఖమ్మం_కోకిల · మంగళవారం, రాత్రి 9:14

ఉచ్చారణ గురించి నేను చెప్తా, నాకు బాగా దెబ్బ తగిలింది అక్కడే. మనం ‘ఎ’తో మొదలయ్యే మాట ముందు తెలియకుండా ‘య’ చేరుస్తాం, ‘ఒ’ ముందు ‘వ’ చేరుస్తాం. యెలివేటర్, యెంట్రెన్సు, వోల్డ్ బిల్డింగు, వోనరు. మాట చివర ‘ఉ’ ఒకటి ఉచితం: లిఫ్టు, ఫ్లోరు, టవరు. మాట్లాడేటప్పుడు తెలియదు, ఫోన్‌లో రికార్డు చేసుకుని వింటే సిగ్గేసింది. ‘వోల్డ్ ఏజ్ హోమ్ వోనర్’ అని నేనే అన్నాను, నేనే విన్నాను. రోజూ పావుగంట రికార్డు చేసుకుని వింటే నెలకల్లా సగం తగ్గింది.

యాస ఉంటే మార్కులు పోతాయని కాదు, అమెరికన్ లాగా తిప్పి మాట్లాడక్కర్లేదు. వినేవాళ్లకు కష్టం లేకుండా ఉంటే చాలు.

పచ్చిమిర్చి_గుంటూరు · మంగళవారం, రాత్రి 9:20

ఇప్పుడే రికార్డు చేసుకుని విన్నా. ‘యెయిటీన్త్ ఫ్లోరు’. పడుకుంటున్నా ఇక.

హాస్టల్_మూడో_అంతస్తు · బుధవారం, అర్ధరాత్రి 12:48

అందరివీ చదివాక ఇంతసేపూ ఆలోచించా. నాకు నిజంగా తెలిసిన ఎత్తయిన బిల్డింగ్ ఒక్కటే ఉంది, కానీ అది ఇంకా పూర్తి కాలేదు. మా హాస్టల్‌కి తూర్పు వైపు ఒక అపార్ట్‌మెంట్ టవర్ లేస్తోంది. నేను వచ్చినప్పుడు మూడో స్లాబు దగ్గరుంది, ఇప్పుడు ఇరవై నాలుగు. రెండు వారాలకు ఒకటి అనుకోండి. పేరు కూడా తెలియదు, ముందు పెద్ద ఫ్లెక్సీ ఉంది, దాని మీద స్విమ్మింగ్ పూల్ పక్కన కూర్చున్న ఒక ఫ్యామిలీ బొమ్మ.

అది లేవకముందు మా డాబా మీద పొద్దున ఆరున్నరకే ఎండ పడేది. ఇప్పుడు పదకొండు దాటితే గానీ రాదు. నలభై మంది బట్టలు ఆరేసుకునేది అక్కడే. జీన్స్ రెండు రోజులైనా ఆరదు, తడి వాసనతోనే వేసుకుని క్లాసుకి వెళ్తున్నాం. ఎండ ముందుగా పడేది పడమర పిట్టగోడ పక్క తీగ మీద, దాని కోసం రోజూ గొడవ. ఒకడు రాత్రే ఖాళీ క్లిప్పులు పెట్టి రిజర్వేషన్ చేసుకుంటున్నాడు.

ఇలాంటిది చెప్పొచ్చా? కట్టడం పూర్తి కాలేదు, ఎవరూ ఉండటం లేదు, ‘దేనికి వాడతారు’ అంటే ఏం చెప్పాలి?

దుబాయ్_రిటర్న్ · బుధవారం, ఉదయం 6:05

తమ్మీ, ఇది వదిలి నువ్వు చార్మినార్ అన్నవా?

స్వర్ణముఖి_ఒడ్డున · బుధవారం, ఉదయం 7:30

క్లిప్పుల రిజర్వేషన్ తప్పకుండా చెప్పండి.

విశాఖ_టీచరమ్మ · బుధవారం, ఉదయం 7:41

చెప్పొచ్చు, నిక్షేపంలా చెప్పొచ్చు. కార్డులోనే ‘నచ్చని’ అని ఉంది, దాన్ని ఎవరూ వాడుకోరు. అందరూ నచ్చిందని మొదలుపెట్టి ‘బ్యూటిఫుల్’, ‘అమేజింగ్’ దగ్గర ఇంధనం అయిపోయి ఆగుతారు. నచ్చనిదానికి మనిషి నోరు ఊరికే లేస్తుంది.

‘దేనికి వాడతారు’ అన్నదానికి ‘ఇంకా కడుతున్నారు, పూర్తయ్యాక కుటుంబాలు ఉంటాయి’ అంటే ‘ఇట్ ఈజ్ స్టిల్ బీయింగ్ బిల్ట్’, ‘ఇట్ విల్ బి యూజ్డ్’ రెండూ పడ్డాయి. ‘నేను వచ్చినప్పటి నుంచి ఇరవై అంతస్తులు లేచింది’ అంటే ‘హ్యాజ్ రిజెన్’. ఒకే బిల్డింగ్‌లో నిన్న, ఇవాళ, రేపు మూడూ ఉన్నాయి. పూర్తయిన బిల్డింగ్‌లో ఈ సుఖం లేదు. నువ్వు చెప్పాలనుకున్నది తెలుగులోనే వరసగా రాసి పెట్టు, తర్వాత ఇంగ్లీషు చూద్దాం. వాక్యాలు కంఠతా పట్టకు, వరస మాత్రం గుర్తు పెట్టుకో.

హాస్టల్_మూడో_అంతస్తు · బుధవారం, రాత్రి 9:33

ఇవాళ క్లాసు మానేసి డాబా మీద కూర్చుని చూశా మేడమ్, ఇన్నాళ్లూ సరిగ్గా చూడలేదని అర్థమైంది. వరస ఇలా అనుకుంటున్నా.

మా హాస్టల్ ఎదురుగా, రోడ్డుకి అవతల. బూడిద రంగు, ఇంకా గోడలు లేవు, పిల్లర్లు, స్లాబులే కనిపిస్తాయి, దూరం నుంచి చూస్తే పుస్తకాల్లేని అల్మరాలా ఉంటుంది. కింది అంతస్తులకు ఆకుపచ్చ వల కట్టారు. పై స్లాబు మీద పరిచిన గోనె సంచులను పొద్దునా సాయంత్రం తడుపుతారు, ఆ నీళ్లు అంచు నుంచి కారుతూ గాలికి మా డాబా దాకా తుంపర్లు వస్తాయి, వాన అనుకుని బట్టలు తీయడానికి పరిగెత్తిన రోజులున్నాయి. క్రేను ఆపరేటర్ పొద్దున ఎక్కితే చీకటి పడే దాకా దిగడు. ఒంటిగంటకు కింద నుంచి నీలం రంగు టిఫిన్ క్యారేజీ తాడు కట్టి పైకి లాగుతారు. అది పైకి వెళ్తుంటే మా రూమ్‌లో అందరం చూస్తాం, మాకూ అప్పుడే భోజనం బెల్లు. రాత్రి క్రేను మీద ఎర్ర లైటు. స్లాబు పోసే రోజు తెల్లారే దాకా మిక్సర్ లారీల మోత.

నచ్చనిది ఎందుకంటే ఎండ, మోత. కానీ ఆ క్యారేజీ మాత్రం నాకు ఇష్టం. ఇలా నచ్చలేదు అని ఒకటి నచ్చింది అనొచ్చా?

ఖమ్మం_కోకిల · బుధవారం, రాత్రి 9:50

పుస్తకాల్లేని అల్మరా! దాన్ని ‘లైక్ ఎ బుక్‌షెల్ఫ్ వితవుట్ బుక్స్’ అను, ఇంకేం ఆలోచించకు. ‘షెల్ఫు’ అనకు కానీ.

విశాఖ_టీచరమ్మ · బుధవారం, రాత్రి 10:15

అనొచ్చు. ‘ఆల్దో’ తో కలుపు, ‘ఆల్దో ఐ డోంట్ లైక్ ద బిల్డింగ్’ అని మొదలుపెట్టి క్యారేజీ దగ్గర ముగించు. క్యారేజీకి ఇంగ్లీషులో ‘క్యారేజ్’ అంటే వాళ్లకు గుర్రపు బండి. ‘లంచ్ బాక్స్’ అను. క్రేను, కాంక్రీటు, స్లాబు యథాతథంగా వాడుకో. వల ‘గ్రీన్ నెట్’. గోనె సంచులు ‘వెట్ సాక్స్’ అంటే తడి మేజోళ్లని వినిపించే ప్రమాదం ఉంది, ‘వెట్ జూట్ బ్యాగ్స్’ అను. మాట గుర్తు రాకపోతే ఆగిపోకుండా చుట్టూ తిరిగి చెప్పడం కూడా మార్కులున్న విద్యే.

నిమిషంలో పేపరు మీద ఆరు మాటలకు మించి రాయకు: ఎదురుగా, అల్మరా, తుంపర్లు, ఎండ, క్లిప్పులు, క్యారేజీ. చాలు.

లండన్_నర్సమ్మ · గురువారం, తెల్లవారుజామున 3:12

నైట్ డ్యూటీ బ్రేక్‌లో చదువుతున్నా. నేను నర్సింగ్ రిజిస్ట్రేషన్ కోసం రాశా, ఇక్కడ స్పీకింగ్‌లో 7 తప్పనిసరి, రెండోసారికి వచ్చింది. నన్ను ముంచింది కార్డు కాదు, దాని తర్వాత వచ్చే మూడో భాగం. నాలుగైదు నిమిషాల చర్చ, ప్రశ్నలు నీ బిల్డింగ్ వదిలేసి ప్రపంచం మీదికి వెళ్లిపోతాయి. నగరాల్లో ఎత్తయిన బిల్డింగులు ఎందుకు ఎక్కువ, పల్లెల్లో ఎందుకు లేవు, పైన ఉంటే లాభనష్టాలేంటి, పర్యావరణానికి చెడా అని. నేను ‘ల్యాండ్ ఈజ్ కాస్ట్లీ’ అని ఆగిపోయా.

ఇప్పుడైతే చెప్పడానికి చాలా ఉంది. లండన్‌లో ఎత్తయిన బిల్డింగ్ అంటే మా వార్డులో వాళ్లకు ముందు గుర్తొచ్చేది గ్రెన్‌ఫెల్ టవర్. 24 అంతస్తులు, 2017 జూన్ 14న అంటుకుంది, 72 మంది చనిపోయారు. బయట అందానికి, చలి ఆపడానికి అతికించిన ప్యానెళ్లే మంటను పైకి పాకించాయి. తర్వాత దేశమంతా అలాంటి ప్యానెళ్లున్న బిల్డింగుల్లో ఫ్లాట్లు కొన్నవాళ్లు అమ్ముకోలేక ఏళ్ల తరబడి అల్లాడారు. భద్రత గురించి అడిగితే ఇది ఒక్కటి చెప్పినా నిమిషం గడుస్తుంది.

సైట్_ఇంజనీర్_మియాపూర్ · గురువారం, ఉదయం 8:45

మూడో భాగానికి నా వంతు. ‘ల్యాండ్ ఈజ్ కాస్ట్లీ’ నిజమే కానీ హైదరాబాద్‌కు ఇంకో కారణం ఉంది. మిగతా పెద్ద నగరాల్లో స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లే కట్టాలని పరిమితి ఉంటుంది. మన దగ్గర 2006లో జీవో 86తో ఆ పరిమితి ఎత్తేశారు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ, ఫైర్ అనుమతి, ఎయిర్‌పోర్టు అనుమతి ఇవి సరిపోతే పైకి వెళ్లొచ్చు. అందుకే కోకాపేట వైపు యాభై దాటిన టవర్లు లేస్తున్నాయి. దీన్ని పరీక్షలో ‘ఇన్ మై సిటీ ద రూల్స్ ఆర్ ఈజియర్’ అంటే చాలు, జీవో నంబరు చెప్పక్కర్లేదు.

పల్లెలో ఎందుకు లేవంటే, ఐదు సెంట్లలో ఇల్లు కట్టుకుని పక్కన గేదెను కట్టేసుకోగలిగినవాడు పదో అంతస్తు ఎందుకెక్కుతాడు.

భూకంపం గురించి అడిగితే తైవాన్‌లో తైపీ 101 ఉంది. 508 మీటర్లు, పైన 660 టన్నుల ఉక్కు గుండు వేలాడుతుంటుంది, గాలికో భూకంపానికో బిల్డింగ్ ఒకవైపు ఊగితే అది రెండో వైపు ఊగి తూకం చేస్తుంది. కూల్చడం గురించైతే నోయిడా జంట టవర్లు, 2022 ఆగస్టు 28న, కట్టడానికి ఏళ్లు పట్టింది, కూలడానికి తొమ్మిది సెకన్లు. కానీ ఇవి ఉదాహరణలుగా ఒకటి, రెండు వాక్యాలే. ఎక్కువ చెప్తే మళ్లీ పాఠం అప్పజెప్పినట్టే.

పచ్చిమిర్చి_గుంటూరు · గురువారం, ఉదయం 9:30

ఇంజనీర్ గారూ, మా బావ 31వ అంతస్తులో ఫ్లాటు తీసుకున్నాడు, నీళ్లు ట్యాంకరువే, లిఫ్టు పాడైన రోజు సిలిండరు ఎవరు మోస్తారంటే సమాధానం లేదు. మెయింటెనెన్స్ నెలకు మా ఊళ్లో ఇంటద్దె అంత. ఇది కూడా పర్యావరణమేనా?

సైట్_ఇంజనీర్_మియాపూర్ · గురువారం, ఉదయం 9:41

అది సంసారం 😄 కానీ ట్యాంకర్ల మాట పనికొస్తుంది. ఎకరంలో వందల కుటుంబాలు వస్తే బోరు ఎక్కడ సరిపోతుంది. పడమర వైపు మొత్తం అద్దాలు పెడితే ఏసీ బిల్లు కూడా చెప్పుకోవచ్చు.

రూల్స్_రామారావు · గురువారం, ఉదయం 10:20

నా సందేహం ఒకటి. ఎగ్జామినర్ మనతో ఏకీభవించకపోతే? నేను మాక్‌లో ఎత్తయిన బిల్డింగులు నిషేధించాలి అన్నాను, సార్ ముఖం చిట్లించారు.

విశాఖ_టీచరమ్మ · గురువారం, ఉదయం 10:45

ఆయన అభిప్రాయంతో మీకు పని లేదు. నిషేధించాలి అన్నాక ఎందుకో చెప్పారా లేదా, అదీ లెక్క. అవతలి పక్షం వాదన ఒకటి చెప్పి దాన్ని కాదంటే ఇంకా మంచిది. ముఖం చిట్లించడం కొందరి ముఖం తీరే అంత.

హాస్టల్_మూడో_అంతస్తు · శుక్రవారం, రాత్రి 10:02

రేపే. ఇవాళ నాలుగుసార్లు చెప్పి చూసుకున్నా, ప్రతిసారీ వేరేగా వచ్చింది కానీ ఒక్కసారి కూడా నిమిషంన్నర తగ్గలేదు. చివరిసారి రూమ్మేటు ఆపమన్నాడు. చిన్న భయం, అసలు ఈ కార్డు రాకపోతే?

దుబాయ్_రిటర్న్ · శుక్రవారం, రాత్రి 10:30

రాకపోయినా నోరు అలవాటైంది కదా. పడుకో.

హాస్టల్_మూడో_అంతస్తు · శనివారం, మధ్యాహ్నం 2:18

రాలేదు.

కార్డు తిప్పగానే గుండె జారింది. ‘మీరు వెళ్లిన ఒక రొద ఎక్కువున్న చోటు గురించి చెప్పండి’ అని ఉంది. పెన్సిల్ పట్టుకుని పది సెకన్లు అలాగే ఉన్నా. తర్వాత నవ్వొచ్చింది. మా హాస్టల్ డాబా అని రాశా.

స్లాబు పోసే రాత్రితో మొదలుపెట్టా, మిక్సర్ లారీలు, సూపర్‌వైజర్ విజిల్, తెల్లవారుజామున నాలుగింటికి కాంక్రీటు పంపు ఒక్కసారిగా ఆగితే ఆ నిశ్శబ్దానికే మెలకువ వచ్చేది, అదీ చెప్పా. బట్టల గొడవ చెప్పా, అదీ రొదే కదా. క్లిప్పుల దగ్గర ఎగ్జామినర్ తల ఎత్తి చూశాడు. క్యారేజీ దగ్గరికి వెళ్లేలోపు ‘థాంక్యూ’ అని ఆపేశాడు, అంటే రెండు నిమిషాలు అయిపోయాయి! తర్వాత అడిగాడు, ‘ఆ బిల్డింగ్ పూర్తయితే నీకు సంతోషమా?’ అని. రొద తగ్గుతుంది కానీ ఎండ తిరిగి రాదు అన్నా.

‘వోనర్’ అని ఒకసారి, ‘ఫ్లోరు’ అని రెండుసార్లు అన్నా, అనేశాక తెలిసింది. మూడో భాగంలో రొదను ప్రభుత్వం ఎలా తగ్గించాలి అన్నాడు, అక్కడ కొంచెం తడబడ్డా.

ఖమ్మం_కోకిల · శనివారం, మధ్యాహ్నం 2:40

అనేశాక తెలియడమే సగం నయమైనట్టు. రిజల్ట్ వచ్చాక తప్పకుండా రాయి.

హాస్టల్_మూడో_అంతస్తు · బుధవారం, సాయంత్రం 6:50

స్పీకింగ్ 6.5. కావాల్సిందే వచ్చింది. టీచరమ్మ గారికి, జగిత్యాల అన్నకు, అందరికీ థాంక్స్. ఇవాళ ఇరవై ఐదో స్లాబు.

స్వర్ణముఖి_ఒడ్డున · బుధవారం, సాయంత్రం 7:05

జీన్స్ ఆరిందా?

హాస్టల్_మూడో_అంతస్తు · బుధవారం, సాయంత్రం 7:11

లేదండీ.

కొత్త_సభ్యుడు_2 · గురువారం, ఉదయం 9:02

హాయ్ ఫ్రెండ్స్, నాకు ఆదివారం స్పీకింగ్. ఎత్తయిన బిల్డింగ్ కార్డుకి ఆ హాస్టల్ డాబా ఆన్సర్ మొత్తం ఎవరైనా ఇంగ్లీషులో టైప్ చేసి పెట్టగలరా? బట్టీ కొడతా. అర్జెంట్.

విశాఖ_టీచరమ్మ · గురువారం, ఉదయం 9:20

బాబూ, మీరు బట్టలు ఎక్కడ ఆరేసుకుంటారు?